గీతల జాగా

చెల్లెలికి నెలలు నిండకుండానే కొడుకు పుట్టాడన్న కబురు వచ్చేసరికి అక్క కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో ఒక అద్దం అంచు సానపడుతూ ఉంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చేతిలో పని ఆపకుండానే విన్నది.

“గాజుపెట్టెలో పెట్టారే,” అంది అమ్మ అవతల్నుంచి. “ఇంతే ఉన్నాడు. ఒళ్ళంతా గొట్టాలు. ఏడుపు కూడా పైకి రావడం లేదు.”

“డాక్టరమ్మ ఏమంటోంది?”

“చూద్దాం అంటోంది. ఆ మాటే నాకు భయం.” అమ్మ ముక్కు చీదుకుంది. “మొహం మాత్రం అచ్చం నీదే. ఎవరిమీదో అలిగినట్టు పెట్టాడు.”

సానరాయి కీచుమంది. అక్క మిషను ఆపి చూసుకుంటే అద్దం అంచు లోపలిదాకా కోసుకుపోయింది. ఈ పనిలో చెయ్యి తిరిగాక అద్దం పాడుచెయ్యడం అదే మొదలు. దాన్ని పక్కన పడేసి, చేతులు తుడుచుకుంటూ అడిగింది: “నేను చూడొచ్చా?”

“సాయంత్రం ఒక గంట వదుల్తారు. అదీ గాజు కిటికీ బయటనుంచే. రా, నీ చెల్లెలు నీ గురించే అడుగుతోంది.”

యజమాని ఆమె మొహం చూసి, అడగకముందే తల ఊపాడు. చక్రాల కుర్చీ తిప్పుకుని అక్క బయటికొచ్చింది.

కారెక్కడానికి ఆమెకొక వరుస ఉంది. డ్రైవరు పక్క తలుపు బార్లా తెరవాలి. కుర్చీ సీటుకి ఆనించి, ఒక చెయ్యి సీటు మీద, ఒక చెయ్యి కుర్చీ మీద మోపి, ఒంటిని ఎత్తి అటు జరపాలి. కాళ్ళను ఒక్కోదాన్నీ చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవాలి. ఆ తర్వాత కుర్చీ చక్రాలు ఊడదీసి వెనక్కి విసరాలి, మిగిలిన చట్రాన్ని గుండెల మీదుగా ఎత్తి పక్కసీట్లో కూర్చోబెట్టాలి. దిగేటప్పుడు ఇదంతా తలకిందులుగా. అలవాటైపోయిన పని కాబట్టి ఆమె చేస్తుంటే వంటింట్లో గిన్నెలు సర్దినంత తేలిగ్గా కనిపిస్తుంది. కాకపోతే తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, తలుపు పక్కన ఒక మంచం పట్టేంత జాగా ఉండాలి. ఆ రెండూ లేకపోతే కారు ఆమెకి నాలుగు గోడల గదే.

ఆస్పత్రి ముందు ఆ జాగా ఉంది. మెట్ల పక్కనున్న వాలుదారికి ఎదురుగానే నీలం బోర్డు, దానిమీద చక్రాల కుర్చీ బొమ్మ. బోర్డు కింద ఒక కారు పట్టేంత చోటు, దాన్ని ఆనుకుని నేలమీద ఏటవాలుగా పసుపు గీతలు. ఎవరో తెలిసినవాళ్ళే గీయించారు. కారు చోటు ఖాళీగానే ఉంది, బొమ్మను చూసి జనం మర్యాదగా వదిలేశారు. గీతల మీద మాత్రం మోటారుసైకిళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడి ఉన్నాయి. కార్లు పెట్టకూడని చోటంటే బళ్ళు పెట్టుకోమనే అర్థమని అందరూ అనుకున్నట్టున్నారు.

అక్క కారును బోర్డు కిందికి పోనిచ్చింది. తలుపు తీస్తే చెయ్యి పట్టేంత మేర తెరుచుకుని, ఒక బండి హ్యాండిలుకి తగిలి ఆగిపోయింది. రెండో పక్క ఒక మనిషి పట్టేంత సందే, ఆపైన గోడ. హారన్ కొడితే వాచ్‌మన్ వచ్చాడు. నెత్తిమీద టోపీ ఆయనకి ఒక సైజు పెద్దది.

“ఏం కావాలమ్మా?”

“ఈ బళ్ళు తీయించండి. నేను దిగాలి.”

“దిగండి. ఎవరు వద్దన్నారు?”

ఆమె పక్కసీట్లోని చట్రం వైపు చూపించింది. వాచ్‌మన్ వంగి చూసి నాలుక కరుచుకున్నాడు. వెళ్ళి ఒక్కో బండినీ లాగి చూశాడు. అన్నిటికీ హ్యాండిలు తాళాలు. ఒక బండిని వెనకనుంచి ఎత్తబోయి, నడుం పట్టుకుని లేచాడు.

“లోపల్నుంచి ఇద్దర్ని పిలుస్తానమ్మా. అటుపక్క తలుపులోంచి అమాంతం ఎత్తుకుని తీసుకెళ్తారు. మీరేం బరువుంటారు గనక.”

“బరువు సంగతి కాదండీ.”

“మరి?”

మరి ఏమిటో వాకిట్లో నిలబెట్టి చెప్పే సంగతి కాదు. ఎవరో ఒకరు ఎత్తుతుంటే తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని రోజులు ఆమెకి గుర్తున్నాయి. ఆ రోజులు వద్దనుకునే, బ్రేకూ యాక్సిలరేటరూ చేత్తో నడిపేలా అమర్చిన ఈ కారు కొనుక్కుంది.

కారు వెనక్కి తీసి ఆవరణంతా తిరిగింది. మిగిలిన వరసల్లో కార్లు భుజాలు రాసుకుని ఉన్నాయి. చివర్న ఒక చోటు ఖాళీగా కనిపించింది గానీ అక్కడ నేల గేటువైపు జారుగా ఉంది. కుర్చీ దింపితే ఆమెకన్నా ముందు అదే రోడ్డెక్కుతుంది. వెనకనుంచి ఎవరో హారన్ మోగించారు. ఆమె ఇంకో చుట్టు తిరిగింది, మళ్ళీ ఇంకో చుట్టు. కాసేపటికి లోపల్నుంచి జనం గుంపుగా బయటికి రావడం మొదలైంది. గీతల మీది బళ్ళు ఒక్కోటే కదిలిపోయాయి. గంట అయిపోయింది.

ఇంటికి చేరగానే అమ్మ ఫోన్ చేసింది. “ఏమే, రాలేదు?”

బిడ్డ బతుకుతాడో లేదో తెలియని చోట, బండి పెట్టుకోడానికి జాగా దొరకలేదని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. “పని తగిలిందమ్మా,” అంది.

 అమ్మ గొంతు తగ్గించి, “సరేలే. నీకూ కష్టంగానే ఉంటుంది. నాకు తెలుసులే,” అంది.

ఫోను పెట్టేశాక గానీ అమ్మకి ఏం తెలుసో అక్కకి అర్థం కాలేదు. పెళ్ళి, పిల్లలు అన్న మాటలు ఇంట్లో ఆమె ముందు ఎవరూ ఎత్తరు. ఎత్తకపోవడమే పెద్ద చప్పుడుగా ఉంటుంది.

మర్నాడు పొద్దున్న చెల్లెలు ఫొటో పంపింది. గాజు మీద పడ్డ లైటు వెలుగే సగం బొమ్మ. మిగిలిన సగంలో ఒక టోపీ, ఒక గొట్టం, పిడికిలి. అక్క దుకాణంలో కూర్చుని ఆ పిడికిలిని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. మరీ పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా విడిపోయింది. వెనక్కి తగ్గించి, మళ్ళీ పెంచింది. అద్దాలు బిగించే కంటి భూతద్దం తీసి ఫోను మీద పెట్టి కూడా చూసింది. యజమాని లోపలికి రావడంతో ఫోను బోర్లించి, ఒక కళ్ళజోడు చట్రాన్ని వేడిగాలికి పట్టి, చెవి కొక్కెం వంచడం మొదలెట్టింది.

ఆ సాయంత్రం మళ్ళీ బయల్దేరింది. గేటు దగ్గరికి రాగానే గీతల మీద బళ్ళు కనిపించాయి. నిన్నటికన్నా తక్కువే. ఒకళ్ళిద్దర్ని పిలిచి అడిగితే తీసేవాళ్ళేమో. వాచ్‌మన్ ఆమెను గుర్తుపట్టి చెయ్యి కూడా ఎత్తాడు. ఆమె కారు ఆపలేదు. గేటు ముందునుంచే తిప్పేసుకుని, వచ్చిన దారినే పోయింది. దారిలో ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు తనను తాను ప్రశ్నించుకుంది, నిజంగా బళ్ళవల్లేనా అని. దీపం పచ్చబడింది. వెనకవాళ్ళు తొందర పెట్టారు.

ఆ రోజు అమ్మ ఫోన్ చెయ్యలేదు.

మూడో రోజు ఆమె దుకాణంలో మధ్యాహ్నమే పని చాలించుకుంది. సందర్శకులు రాకముందే చేరింది. గీతలు ఖాళీగా ఉన్నాయి. ఎండలో ఆ పసుపు రంగు కళ్ళకి పండగలా ఉంది. కారును బోర్డు కింద పెట్టి, తలుపు బార్లా తెరిచి, చట్రాన్ని ఎత్తి కింద పెట్టింది. చక్రాల కోసం వెనకసీటు మీదికి వాలింది. ఒక చక్రం చేతికి అందింది, రెండోది సీటు కిందికి దొర్లిపోయి ఉంది. ఆమె దానికోసం తడుముకుంటుండగా తలుపు అవతల బండి ఆగిన చప్పుడైంది.

తిరిగి చూసేసరికి మోటారుసైకిలు తలుపు అంచుకి వేలెడు దూరంలో స్టాండు వేసి ఉంది. దాని ముందుచక్రం తగిలి చట్రం పక్కకి ఒరిగింది. హెల్మెట్టు చేతికి తగిలించుకుని, ఫ్లాస్కు సంచీ గుండెకి అదుముకుని ఒకతను అప్పటికే వాలుదారి మీద పరుగు తీస్తున్నాడు. ఆ పరుగు, ఆ కాలిన మచ్చల చొక్కా ఆమెకి తెలుసు. అతను చెల్లెలి మొగుడు. ఇనప గేట్లూ కిటికీ ఊచలూ చేసే అతని చొక్కాలన్నీ వెల్డింగు నిప్పురవ్వలకి చిల్లులు పడే ఉంటాయి.

పిలుద్దామని నోరు తెరిచింది. అంతలో అతను తలుపు దాటిపోయాడు.

వాచ్‌మన్ వచ్చి బండినీ, పడిపోయిన చట్రాన్నీ చూసి తల పట్టుకున్నాడు. “ఈయన రోజూ ఇక్కడే పెడతాడమ్మా. ఏమీ అనలేకపోతున్నా. పాపం, పిల్లాడికి బాగోలేదు. ఆ పరుగు చూస్తే ఎవరికైనా నోరు రాదు.”

“రోజూనా?”

“బిడ్డ పుట్టిన్నాటి నుంచీ.”

అక్క చేతిలోని చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మరిదికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. బిడ్డ గదిలోకి వెళ్ళేటప్పుడు ఫోన్లు బయటే పెట్టించేస్తారు. చాలాసేపు ఆలోచించి చెల్లెలికి చేసింది.

“అక్కా,” అంది చెల్లెలు. ఆ ఒక్క మాటలోనే నిష్ఠూరమంతా ఉంది.

“నీ గదికి కిటికీ ఉందా?”

“ఉంది. ఎందుకు?”

“లేవగలిగితే ఒకసారి కిందికి చూడు.”

మంచం కిర్రుమంది. చెప్పులు ఈడ్చుకుంటూ నడిచిన చప్పుడు, మధ్యలో నొప్పికి ఆగిన ఊపిరి ఫోన్లో వినిపించాయి. రెండో అంతస్తు కిటికీలో చెల్లెలి తల కనబడింది. చింపిరి జుట్టు, ఆస్పత్రి గౌను. పైనుంచి చూస్తే ఆమెకి అన్నీ ఒకేసారి కనిపించి ఉండాలి: కారు, బార్లా తెరిచిన తలుపు, నేలమీద పడ్డ చట్రం, మధ్యలో బండి.

“అది మా ఆయన బండి కదూ,” అంది చెల్లెలు.

“ఊఁ.”

“మొన్న కూడా...”

“మొన్న చాలా ఉన్నాయి. ఎవరివో చూళ్ళేదు.”

 కిటికీలోంచి తల మాయమైంది.

కాసేపటికి మరిది దిగి వచ్చాడు. వాలుదారి మీద వచ్చేటప్పుడు పరుగెత్తలేదు. ముందు చట్రాన్ని లేవనెత్తి దుమ్ము దులిపాడు. తర్వాత బండిని తోసుకుపోయి ఎక్కడో దూరంగా పెట్టి వచ్చాడు. ఆమె చక్రాలు తగిలించుకుని, కుర్చీలోకి జరిగి, కాళ్ళు సర్దుకునేదాకా మొహం పక్కకి తిప్పుకుని నిలబడ్డాడు.

“చెప్పొచ్చు కదా వదినా,” అన్నాడు చివరికి.

“ఏమని చెప్పను?”

“ఆ గీతలు దేనికో నాకు నిజంగా తెలీదు. బోర్డు కింద ఎప్పుడూ పెట్టలేదు. అక్కడ పెట్టకూడదని తెలుసు.”

“నిన్ను తిట్టడానికి రాలేదయ్యా. వాణ్ణి చూడ్డానికొచ్చాను. పద.”

వాలుదారి మొదట్లో గచ్చు పగిలి అంగుళమంత గడప లేచి ఉంది. కుర్చీ ముందుచక్రం దానికి తట్టుకుంది. అతను చెయ్యి వెయ్యబోయి, ఆమె మొహం చూసి వెనక్కి తీసుకున్నాడు. ఆమె వెనక్కి వాలి, ముందుచక్రాలు గాల్లోకి లేపి, దాటింది.

లిఫ్టులో పైకెళ్ళి గాజు కిటికీ దగ్గరికి చేరేసరికి గంటలో కొసరే మిగిలింది. లోపల వరసగా పెట్టెలు. “గోడవైపు నుంచి మూడోది,” అన్నాడు మరిది. అంత దూరానికి టోపీ కనబడింది, టోపీ కింద ఏదో ఎర్రగా. ఆ ఎర్రనిది కదిలింది. ఇతరుల కళ్ళకి చూపు సరిచేసే పని చేస్తూ, ఆ క్షణాన తన కళ్ళు ఇంకాస్త దూరం చూడగలిగితే బావుండునని ఆమె అనుకుంది. అరచెయ్యి గాజుకి ఆనించింది. గాజు చల్లగా ఉంది. పక్కనున్న ఎవరి శ్వాసకో దానిమీద ఆవిరి కమ్మింది. ఆమె కొంగుతో తుడిచేలోపు నర్సు తెర లాగేసింది.

“ఎత్తుకోడానికి ఎప్పుడిస్తారండీ?” అని ఆ నర్సు బయటికొచ్చినప్పుడు అడిగింది.

“ఇంటికెళ్ళే రోజునండి. అప్పుడు అందరూ ఎత్తుకోవచ్చు.” నర్సు ఒక్క క్షణం ఆగింది. “దేవుడి దయవల్ల.”

వార్డులో అమ్మ ఆమెను చూసి లేచి నిలబడి, దిండు సర్దింది. “పని తగిలిందన్నావు కదే.”

“అబద్ధం చెప్పానమ్మా.”

చెల్లెలు మంచం అంచున కూర్చుని ఉంది. “అమ్మకి అనిపించిందే నాకూ అనిపించిందక్కా. నువ్వు వాణ్ణి చూడలేవేమోనని.”

“చూడలేకపోయాను. అంతే.” అక్క కుర్చీని మంచానికి ఆనించింది. “మొన్న దిగలేక పోయాను. నిన్న మాత్రం గేటు దగ్గరనుంచే తిరిగిపోయాను. ఎవర్నీ అడగలేదు. అది బళ్ళ తప్పు కాదేమో.”

అమ్మ కిటికీ వైపు తిరిగింది. చెల్లెలు అక్క చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. కొంతసేపయ్యాక నవ్వుతూ అంది: “నన్ను కూడా కుర్చీలోనే తోసుకెళ్తున్నారు వాడి దగ్గరికి. అందరూ నా నెత్తిమీదుగా మాట్లాడుకుంటారు. నాకు దాహమేస్తోందేమోనని నన్ను తోసేవాణ్ణి అడుగుతారు.”

“వాడికేం తెలుసట?”

“వద్దట అన్నాడు.”

ఇద్దరూ నవ్వారు. చెల్లెలు కుట్లు పట్టుకుని, నవ్వించకే, నొప్పి అంది.

మర్నాటి సాయంత్రం అక్క గేటు తిరిగేసరికి మరిది గీతల మీద నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకుని, చెట్టు నాటినట్టు. ఒక స్కూటరతను వచ్చి పక్కకి జరగమంటే, ఇక్కడ కాదన్నా, అటు పెట్టుకోండి అని చూపిస్తున్నాడు. ఆమె కారు రాగానే దారి ఇచ్చాడు. ఆమె దిగి పైకెళ్ళి, బిడ్డను చూసి, కిందికొచ్చేసరికి కూడా అక్కడే ఉన్నాడు. ఆ మర్నాడూ అంతే.

ఆ రెండో రోజున నర్సు అక్కను ఆపి అడిగింది: “బాబు నాన్నగారు రావడం లేదేమండీ? సాయంత్రం ఆ గంటలో ఆయన్ని బాబుని చేత్తో ముట్టుకోనిస్తున్నాం. వాళ్ళ గొంతు వింటే పిల్లలు బాగా ఊపిరి తీస్తారు. నిన్నా రాలేదు, ఇవాళా రాలేదు.”

అక్క పూర్తిగా చూడకుండానే కిందికి దిగింది.

“నువ్వెందుకు పైకి పోవడం లేదు?” అని అడిగింది మరిదిని.

“మీరు చూసి రండి వదినా. ఇన్నాళ్ళూ నేనే చూశాను కదా.”

“వాడికి నీ గొంతు కావాలట. నాది కాదు.”

“నేనిటు పోతే బళ్ళు వచ్చేస్తాయి. మీరెలా ఎక్కుతారు కారు?”

“అది తర్వాత చూద్దాం. నువ్వు పో.”

అతను కదల్లేదు. తన బండి చేసిన పనిని తానే నిలబడి తీర్చుకోవాలని అతని పట్టుదల. అక్కకి కోపమూ వచ్చింది, జాలీ వేసింది. “ఇదిగో, విను. నువ్వు నిలబడితే ఇది నాకోసం ఆపిన జాగా అవుతుంది. నేను రాని రోజున? నాలాంటి వాళ్ళు ఇంకొకళ్ళు వస్తే? వాళ్ళందరికీ మరుదులుంటారా?”

అప్పుడే మేనేజరు బయటికొచ్చాడు. ఎవరో బయటి మనిషి పార్కింగులో పెత్తనం చేస్తున్నాడని స్కూటరతను ఫిర్యాదు చేశాడట. మేనేజరు కళ్ళ కింద నల్లటి వలయాలు, జేబులో నాలుగు పెన్నులు. చెడ్డవాడిలా లేడు, నిద్ర చాలనివాడిలా ఉన్నాడు. ఇద్దరూ చెప్పిందంతా విన్నాడు.

“నాకు అర్థమైందమ్మా. ఇక్కడ ఇనప స్తంభాలు పాతాలి, అంతేగా. కానీ పైవాళ్ళకి ఏమని చెప్పను? నా గది కిటికీ ఇటే. ఆ బోర్డు కింద ఎప్పుడు చూసినా ఖాళీయే. వాడేవాళ్ళే లేరంటారు.”

“నాలుగు రోజుల కింద నేను వచ్చానండీ, ఆవరణంతా తిరిగి పోయాను. మర్నాడు గేటుదాకా వచ్చాను. మీ కిటికీలోంచి కనిపించానా?”

మేనేజరు బోర్డు వైపు చూశాడు, గీతల వైపు చూశాడు. “లేదమ్మా,” అన్నాడు.

“స్తంభాలు నేను చేసి తెస్తా సార్,” అన్నాడు మరిది. “బిగించేది కూడా నేనే. మీరు ఊఁ అంటే చాలు.”

“బయటివాళ్ళ చేత చేయించకూడదు,” అన్నాడు మేనేజరు. పెన్ను తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. “అడిగి చెబుతాను. మీరు మాత్రం పైకెళ్ళండి బాబూ. నర్సమ్మ నాతో కూడా గొడవ పెట్టుకుంది. వెళ్ళండి, ఈవిడ కారెక్కేదాకా నేనుంటా ఇక్కడ.”

మరిది ఈసారి పరుగెత్తాడు.

పైవాళ్ళు ఊఁ అనడానికి కొన్నాళ్ళు పట్టింది. ఆ కొన్నాళ్ళూ వాచ్‌మన్ తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గీతల మధ్య వేసుకుని కూర్చున్నాడు. గేటు దగ్గర కేకలు వినిపిస్తే లేచి పరుగెత్తేవాడు. లేచిన ప్రతిసారీ ఒక బండి వచ్చి కూర్చునేది. అక్క కొన్ని సాయంత్రాలు దిగగలిగింది, కొన్ని సాయంత్రాలు కార్లోనే కూర్చుని రెండో అంతస్తు కిటికీని చూసి పోయింది. కిటికీలోంచి చెల్లెలు చేతులతో చెప్పేది. ఇవాళ పాలు ఇంత తాగాడని వేళ్ళు చూపించేది. గొట్టం తీసేశారని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి లాగినట్టు చూపించేది. అక్క తల ఊపి, ఇంకా చెప్పు అన్నట్టు చెయ్యి తిప్పేది. ఇంటికెళ్ళాక రాత్రి అన్నం దగ్గర తన ఒళ్ళో ఖాళీని ఉన్నట్టుండి గమనించేది. అంతకుముందు అది ఒట్టి ఒళ్ళే.

అనుమతి వచ్చిన నాడు మరిది పొద్దున్నే పనిముట్లు దింపుకున్నాడు. నడుమెత్తు గొట్టాలు, అడుగున పలకలు అతికించినవి, పైన గుండ్రటి మూతలు. అంచు చేతికి గీసుకోకుండా మూతల్ని అరగదీశాడు. బళ్ళు వచ్చే వైపు అడ్డంగా, వాలుదారి వైపు తెరిపిగా వాటిని ఎక్కడెక్కడ నిలపాలో అక్క కారులోంచి దిగి, ఎక్కి, మళ్ళీ దిగి చూపించింది. అతను సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు. డ్రిల్లు మోతకి రోగులు కిటికీల్లోంచి తొంగి చూశారు. బోల్టులు బిగించి, ఒక్కో గొట్టాన్నీ కాలితో తన్ని చూసుకున్నాడు. మిగిలిన సిమెంటుతో వాలుదారి మొదట్లో పగిలిన గచ్చుని నున్నగా పూశాడు. సాయంత్రానికి పాత గీతల మీద కొత్త పసుపు రంగు ఆరింది. వాచ్‌మన్ తన ప్లాస్టిక్ కుర్చీని గేటు దగ్గరికి తీసుకుపోయాడు. మర్నాడే ఒకతను ఖాళీగా ఉన్న కారు చోటులోంచి దూరి బండి పెట్టబోయాడని, తాను వెళ్ళి తీయించానని ఆయన అక్కతో చెప్పాడు. పెట్టాలనుకునేవాడు ఎలాగైనా పెడతాడమ్మా, కాకపోతే ఇప్పుడు సిగ్గుపడుతున్నాడు అన్నాడు.

బిడ్డను ఇంటికి పంపిస్తామన్న రోజు రానే వచ్చింది. నా కారులోనే తీసుకెళ్ళాలని అక్క ముందే చెప్పి ఉంచింది. వెనకసీటు మీద దుప్పటి పరిచి, అది మడత పడిందని తీసి మళ్ళీ పరిచింది. మధ్యాహ్నం ఎండ తగ్గకముందే ఆస్పత్రి చేరింది.

నీలం బోర్డు కింద కారు ఉంది.

పాతకాలపు ఆకుపచ్చ కారు.  గీతల మీద ఒక నడివయసాయన చక్రాల కుర్చీలో ఉన్నాడు. తలుపు బార్లా తెరిచి, సీటుకి కుర్చీ ఆనించుకుంటున్నాడు. వెళ్ళిపోవడానికి సిద్ధమౌతున్నాడు గానీ ఆయన వరస వేరు. ముందు కాళ్ళు లోపల పెట్టుకుని, తర్వాత ఒంటిని జరుపుకున్నాడు. మడిచిన కుర్చీకి తాడు కట్టి ఉంది. ఆ తాడు పట్టుకుని దాన్ని వెనకసీట్లోకి లాక్కుంటున్నాడు. సగంలో అది ఇరుక్కుంది. మళ్ళీ కిందికి వదిలి, మళ్ళీ లాగాడు. అప్పుడు దారిలో ఆగి ఉన్న ఆమె కారును చూశాడు. కిటికీలోంచి కనిపిస్తున్న కుర్చీ చట్రాన్నీ చూశాడు.

“తొందరగా వెళ్ళాలా అమ్మా? నాకు కాస్త టైము పడుతుంది.”

“తొందరేం లేదండీ. నిదానంగా కానివ్వండి.”

“ఈ ఆస్పత్రికి రావడమే మానేశాను. ఊరి అవతలి దానికి పోతున్నా. ఇక్కడ జాగా చేశారని మొన్న మా తమ్ముడు చెప్పాడు.” ఆయన తాడు చేతికి చుట్టుకుని ఇంకోసారి లాగాడు. “ఎవరు చేశారో.”

ఆమె జవాబు చెప్పేలోపు వాలుదారి మీద అలికిడి అయింది. సంచులు రెండు చేతులా పట్టుకుని మరిది, వెనక అమ్మ, మధ్యలో చెల్లెలు. చెల్లెలు తన కాళ్ళమీదే నడుస్తోంది. గుండెకి హత్తుకుని ఒక తెల్లని మూట. అక్క కారు దారి మధ్యలో ఆగి ఉండటం చూసి, బోర్డు కింద చోటు ఖాళీ లేదని గ్రహించి, చెల్లెలు ఒక్క క్షణం నిలబడింది. అక్క చెయ్యి ఎత్తి, అక్కడే ఆగు, నేనే వస్తా అని సైగ చేసింది. చెల్లెలు వినిపించుకోలేదు. నేరుగా నడిచి వచ్చేసింది.

“ఎండే, వాణ్ణి ఎండలోకి తేకు,” అంటూ అమ్మ కొంగు పట్టుకుని నీడ చేస్తూ వెనకే వచ్చింది.

“తలుపు తియ్యక్కా,” అంది చెల్లెలు.

అక్క బ్రేకు మీట బిగించి, ఇంజను ఆపి, తలుపు తోసింది. దారి మధ్య కదా, అది చివరిదాకా తెరుచుకుంది. చెల్లెలు వంగి, మూటను ఆమె ఒళ్ళో పెట్టింది. “తల కింద చెయ్యి. ఊఁ, అలాగే.”

ఇన్నాళ్ళూ గాజులోంచీ ఫోనులోంచీ చూసినవాడు బరువుగా ఉన్నాడు. ఇంత చిన్నవాడికి బరువుంటుందని ఆమె అనుకోలేదు. వెచ్చగా ఉన్నాడు. పాల వాసన, దాని కింద ఆస్పత్రి సబ్బు వాసన. ఒక కన్ను తెరిచి, వెలుగు నచ్చక మూసుకున్నాడు. ఏదో చెప్పాలనుకుని రోజుల తరబడి కూడబెట్టుకున్న మాటలన్నీ ఆమెకి ఒక్కటీ గుర్తు రాలేదు.

“పెద్దమ్మనురా,” అంది. 

ఆకుపచ్చ కారు స్టార్టయి, వెనక్కి వచ్చి, పక్కనుంచి మెల్లగా దాటిపోయింది. అందులోని ఆయన చూసి తల ఊపాడు. బోర్డు కింద చోటూ, దాని పక్కన గీతలూ ఖాళీగా, శుభ్రంగా మిగిలాయి. గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ చేతులు ఊపుతూ వచ్చాడు.

“ఖాళీ అయిందమ్మా. రండి, లోపలికి పెట్టెయ్యండి.”

అక్క విన్నది. కదల్లేదు. వెనక ఒక కారు వచ్చి ఆగింది, దాని వెనక ఇంకోటి. మొదటి కారు హారన్ కొట్టింది, మళ్ళీ కొట్టింది. మరిది కంగారుగా అటూ ఇటూ చూశాడు. చెల్లెలు తలుపు పట్టుకుని అలాగే నిలబడింది.

వాచ్‌మన్ అక్క ఒళ్ళోకి ఒకసారి తొంగి చూశాడు. టోపీ సర్దుకుని, వెనక కారు దగ్గరికి నింపాదిగా నడిచి, కిటికీ దగ్గర వంగాడు.

“ఇటు ఇప్పుడే దారి లేదు సార్. అటునుంచి తిప్పుకోండి.”